మా అంబాసిడర్ నిజంగా 120 కొట్టిందా: లెక్క తేల్చిన డైరీ

సంక్రాంతి మధ్యాహ్నం

గారెలూ నాటుకోడి పులుసూ అయ్యాక అందరం వరండాలో ఒరిగి ఉన్నాం. నాన్న ఎప్పటిలాగే తన 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 కథ ఎత్తుకున్నాడు. "కొత్తలో 120 దాటించాన్రా, ముల్లు వణకను కూడా వణకలేదు" అని ఒక ముక్క, "ఒకసారి అర్జెంటు పనుంటే విజయవాడ నుంచి గుంటూరు ఇరవై నిమిషాల్లో దిగాను" అని ఇంకో ముక్క. ఈ రెండో ముక్క నా చిన్నప్పుడు పాతిక నిమిషాలు ఉండేది. ఏడాదికింత తగ్గుతూ వచ్చింది.

అక్కడితో అయిపోయేది కానీ మావయ్య ఊరుకోలేదు. "నీ కారేం లెక్క బావా, నా టాటా 1210 ఖాళీగా ఉంటే వంద ఊదేసేది" అన్నాడు. ఆ లారీ ఇప్పటికీ ఉంది, ఆటోనగర్ వైపు వాటర్ ట్యాంకర్‌గా తిరుగుతోంది. మా బావ (మావయ్య కొడుకు, గుంటూరులో ఉంటాడు, దేన్నీ ఒక పట్టాన నమ్మడు) ఫోను తీసి అంబాసిడర్ టాప్ స్పీడ్ వెతికితే ఒక చోట 105, ఒక చోట 125, ఒక చోట 140 అని ఉంది. నలుగురూ నాలుగు రకాలుగా అరిచారు.

నాకెందుకో ఇది తేల్చాలనిపించింది. కార్ మన చేతిలో ఉంది, లారీ మన చేతిలో ఉంది, టేపూ ఫోనూ ఉన్నాయి. కానీ ఒక షరతు ముందే పెట్టుకున్నా: ఫుల్ స్పీడుకి తోలి చూడటం అన్న మాటే లేదు. ముప్పై తొమ్మిదేళ్ళ బ్రేకుల్ని నమ్ముకుని అంత సాహసం నేను చెయ్యను. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకి గరిష్ఠంగా 100, సరుకు బళ్ళకి 80. ఆ గీత దాటకుండా, అసలు టాప్ స్పీడ్ ఎంతో కట్టి చెప్పాలి.

మొదటి ఆదివారం: 224 కి.మీ. అంబాసిడర్

మొదటి లెక్క గేర్లది. ఇంజను ఇన్ని చుట్లు తిరిగితే చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది, చక్రం ఒక చుట్టుకి ఎంత దూరం పోతుంది, అంతే. టాప్ గేరు డైరెక్ట్ (ఇంజను ఒక చుట్టు తిరిగితే షాఫ్టూ ఒక చుట్టే) కాబట్టి గేరుబాక్స్ గురించి ఆలోచించక్కర్లేదు, వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ (షాఫ్టు చివరి చిన్న పళ్ళచక్రం పినియన్, అది తిప్పే పెద్దది క్రౌన్) నిష్పత్తి తెలిస్తే చాలు.

చక్రం సంగతి తేలిగ్గా అయింది. టైర్ కిందభాగంలో, నేల మీద చాక్‌పీసుతో గీత పెట్టి, బావ స్టీరింగ్ పట్టుకుంటే నేను తోసుకుంటూ సరిగ్గా పది చుట్లు తిప్పి మళ్ళీ గీత పెట్టాను. టేపు పెడితే 20.3 మీటర్లు. అంటే చుట్టుకి 2.03. ఖాళీ చక్రాన్ని విప్పి చుట్టూ టేపు వేస్తే ఇంతకంటే ఎక్కువ వస్తుంది, కానీ అది మోసం, ఎందుకంటే బరువు పడ్డాక టైరు కింద నొక్కుకుంటుంది. మనిషి కూర్చుని, గాలి సరిగ్గా కొట్టించి కొలిస్తేనే పనికొస్తుంది.

తర్వాత ముందు చక్రాలకి అటూ ఇటూ ఇటుకలు పెట్టి (హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాల్నే, దాన్ని వదలాలి కాబట్టి ఇటుకల విషయంలో బద్ధకం పనికిరాదు), న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఎడమ వైపు జాకీ ఎత్తాను. ముందు నుంచి వెనక చక్రాల దాకా వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద తెల్ల పెయింటుతో ఒక చుక్క. నేను చక్రం పది చుట్లు తిప్పుతుంటే బావ పక్కన పడుకుని షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాడు. 22 చుట్లు, ఇంకో ముప్పావు. మూడుసార్లు చేశాం, అంతే వచ్చింది.

అంటే నిష్పత్తి 2.28. నాకు చాలా సంతోషం వేసింది, ఇంత తేలికా అని. అదే ఊపులో ఇంజను 4,200 చుట్లు అనుకుని లెక్క కడితే గంటకు 224 కి.మీ. వచ్చింది. బావ అయితే నిమిషం సేపు కార్ వంక గౌరవంగా చూశాడు. నాన్న మాత్రం లోపల్నుంచి "నేను చెప్పలా" అన్నాడు.

సాయంత్రం ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రికి ఫోన్ చేస్తే రెండో మాటకే నవ్వేశాడు. "ఒక్క చక్రమే లేపావా బాబూ? రెండోది నేల మీద ఉందిగా?" రెండు వెనక చక్రాల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ పనే అది. ఒక చక్రం కదలకుండా పట్టేసి ఉంటే, క్రౌన్ వీల్ ఒక్క చుట్టు తిరిగేసరికి లేచిన చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. వర్షంలో బురదలో దిగబడిన కారుకి ఒక చక్రం గిర్రున తిరగడం అందరం చూసిందే, దాన్ని ఇక్కడ అన్వయించుకోలేకపోయాను. నేను తిప్పిన పది చుట్లకి క్రౌన్ తిరిగింది అయిదే. రెట్టింపు చేస్తే 4.55. పినియన్‌కి 9 పళ్ళు, క్రౌన్‌కి 41 అయితే సరిగ్గా 4.556 వస్తుంది, మేస్త్రి కూడా "తొమ్మిది-నలభై ఒకటే ఉంటది" అన్నాడు.

ఇప్పుడు అసలు లెక్క: ఇంజను 1,000 చుట్లకి కారు గంటకు 26.7 కి.మీ. ఈ 1489 సీసీ పెట్రోలు ఇంజను పూర్తి బలం దాదాపు 50 హార్స్‌పవర్, అది వచ్చేది 4,200 చుట్ల దగ్గర అనుకుంటే 112 కి.మీ. ఆపైన కూడా ఇంజను తిరుగుతుంది, కానీ బలం తగ్గుతూ తిరుగుతుంది.

112 అనగానే నాన్న మొహం ముడుచుకుంది. ఆగు నాన్నా, ఇంకా అవలేదు అన్నాను.

మరుసటి వారం: మీటరు సంగతి

ముందు మీటరు నిజం చెబుతోందో లేదో చూడాలి కదా. ఫోన్ జీపీఎస్ పక్కన పెట్టుకుని, తిన్నటి రోడ్డు మీద ఒకే స్పీడులో పట్టుకుని చూశాం. జీపీఎస్ 40 అంటే మీటరు 45. 60 అంటే 67. 80 అంటే 90 మీదికి ముల్లు. అంటే సుమారు 12 శాతం ఎక్కువ చూపిస్తోంది. జీపీఎస్ శాటిలైట్ సిగ్నల్ డాప్లర్ మార్పుని బట్టి వేగం కడుతుంది, కాబట్టి తిన్నగా నిలకడగా పోతున్నప్పుడు ఒక కిలోమీటరు అటూ ఇటూ తప్ప నమ్మొచ్చు. మలుపుల్లో, బ్రిడ్జిల కింద మాత్రం నమ్మొద్దు.

ఎక్కువ చూపించడం మా మీటరు ఒక్కదాని జబ్బు కాదు. కొత్త బళ్ళ మీటర్లకి కూడా ఐక్యరాజ్యసమితి నిబంధన (39వ రెగ్యులేషన్) ఏం చెబుతుందంటే, అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ మాత్రం పది శాతం పైన మరో 4 కి.మీ. దాకా చూపించొచ్చు. అంటే అసలు 100 పోతుంటే మీటరు 114 అన్నా తప్పు కాదు. అబద్ధం ఎటువైపు ఆడాలో కూడా రాసిపెట్టారన్నమాట.

అయితే మా 12 శాతం ఎక్కడిది? టైర్లు మార్చినందుకా, మీటరే పాడయిందా? దీనికి ఒక చిన్న కిటుకు ఉంది, నాకు భలే నచ్చింది. పాత మీటర్లో ముల్లూ, కిలోమీటర్ల అంకెలూ ఒకే వైరు మీద తిరుగుతాయి కానీ అంకెల వైపు అంతా పళ్ళచక్రాలే, అందులో మోసం ఉండదు. ముల్లు వైపు పళ్ళచక్రం లేదు: వైరు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాని చుట్టూ అల్యూమినియం గిన్నె, గిన్నెలో పుట్టే కరెంటు వల్ల అది కూడా తిరగబోతుంది, దాన్ని ఒక సన్నని స్ప్రింగు వెనక్కి లాగుతుంది. స్ప్రింగు పట్టు సడలితే ముల్లు ఎక్కువ చూపిస్తుంది, అయస్కాంతం నీరసిస్తే తక్కువ చూపిస్తుంది. కాబట్టి హైవే రాళ్ళ వెంట పది కిలోమీటర్లు పోయి అంకెలు చూస్తే చాలు. మాకు 10.2 తిరిగింది. అంటే టైర్ల వల్లా, గేర్ల వల్లా వచ్చింది 2 శాతమే. మిగతా పది శాతం స్ప్రింగుది.

దీనితో నాన్న పక్షాన మొదటి సాక్ష్యం దొరికింది. మీటరు అప్పుడు కూడా ఇలాగే చూపించి ఉంటే, ముల్లు 120 మీద ఉన్నప్పుడు కారు నిజంగా పోయింది 107. అది ఈ బండికి సాధ్యమే. ఆయన అబద్ధం చెప్పలేదు, ముల్లు చెప్పింది చెప్పాడు. అప్పటికి మీటరు కొత్తది, స్ప్రింగు ఇంత సడలి ఉండదు అని బావ అడ్డం పడ్డాడు. అది న్యాయమైన అభ్యంతరమే, రాసిపెట్టుకున్నాను.

కాటా, సీడ్ యాక్సెస్ రోడ్డు

గేర్ల లెక్క "ఇంతకు మించి పెద్దగా పోదు" అని చెబుతుంది కానీ "ఇంత దాకా పోతుంది" అని చెప్పదు. గాలిని తోసుకుని పోయే బలం ఇంజనుకి ఉందో లేదో వేరే చూడాలి. హార్స్‌పవర్ పుస్తకంలో చూసుకోవచ్చు, కానీ అది 1986 నాటి కొత్త ఇంజను మాట. మా ఇంజను రెండుసార్లు బోరింగ్ అయి, మళ్ళీ పొగ మొదలెట్టింది.

ఆటోనగర్‌లో కాటా వేయించాం, నేనూ బావా లోపల ఉండగా 1,280 కిలోలు. చీటీ ఇచ్చే అబ్బాయి సరుకేదని వెనక సీటు దాకా వెతికాడు. తిరిగే చక్రాల జడత్వానికి ఓ నాలుగు శాతం కలిపి 1,330 అనుకున్నాను.

తర్వాత అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు. పొద్దున ఆరింటికి ఆ రోడ్డు మీద నడకకి వచ్చేవాళ్ళూ, గేదెలూ తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. 70కి కాస్త పైకి తెచ్చి, న్యూట్రల్ చేసి వదిలెయ్యడమే. ఏ బ్రేకూ వెయ్యకుండా 70 నుంచి 60కి ఎన్ని సెకన్లలో పడింది, 40 నుంచి 30కి ఎన్ని సెకన్లలో పడింది. జీపీఎస్ సెకనుకొకసారే అంకె మారుస్తుంది కాబట్టి ఒక్కసారి చూసి నమ్మితే గోవిందా, వెళ్ళే వైపు మూడు, వచ్చే వైపు మూడు తీశాం. అటు పోయేటప్పుడు 8.7 వచ్చింది, ఇటొచ్చేటప్పుడు 10 దాకా వచ్చింది. ఒకవైపు కృష్ణ మీది గాలి, ఇంకోవైపు రోడ్డు వాలు, ఏది ఎంతో ఎవరికెరుక, సగటు తీస్తే రెండూ దాదాపు కొట్టుకుపోతాయి.

సగటు: 70-60కి 9.3 సెకన్లు, 40-30కి 14.3.

ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, ఎక్కువ స్పీడులో త్వరగా పడుతోంది, ఎందుకంటే గాలి. టైర్ల ఈడ్పు దాదాపు ఏ స్పీడుకైనా ఒకటే, గాలి మాత్రం వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది. రెండు కొలతలు, తెలియనివి రెండు, పదో తరగతి సమీకరణాలే. టైర్లూ బేరింగులూ కలిసి వెనక్కి లాగేది 200 న్యూటన్లు (చేత్తో 20 కిలోల మూట మోసినంత), గాలి మాత్రం 65 దగ్గర దాదాపు అంతే, 100 దగ్గర 460 పైన.

దాన్ని హార్స్‌పవర్‌లోకి మారిస్తే చక్రాల దగ్గర కావలసింది 100 కి.మీ.కి 25, 110కి 31, 120కి 39. పది కిలోమీటర్లకి ఆరు, ఇంకో పది కిలోమీటర్లకి ఎనిమిది. గాలికి పెట్టాల్సిన హార్స్‌పవర్ వేగంతో పాటు మూడో ఘాతంలో పెరగడం అంటే ఇదే. దీనికో మంచి వైపు కూడా ఉంది: ఇంజను ముసలిదై 15 శాతం బలం పోయినా టాప్ స్పీడ్ పోయేది అయిదు శాతమే. అందుకే పాత బళ్ళు ఎత్తు ఎక్కలేక ఏడుస్తాయి కానీ చదును మీద మాత్రం బాగానే పోతాయి.

నంబూరు దగ్గర, తెల్లవారుజామున

ఇక మిగిలింది ఇంజను అసలు ఎంత తోస్తుందో. దానికి వేరే మిషనేం అక్కర్లేదు, ఇందాకటి పనే తిరగేసి చెయ్యడం: టాప్ గేర్‌లో యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి, పది పది కిలోమీటర్లకి ఎంత టైము పడుతుందో చూడటం.

గుంటూరు హైవే మీద కాజ టోల్‌గేటు దాటాక చేశాం. టోల్ మధ్యలో పడేలా చేస్తే ప్రతిసారీ డబ్బు కట్టాలని బావ ముందే పసిగట్టాడు. ఆదివారం అయిదున్నరకి కూడా లారీలు పోతూనే ఉన్నాయి, వెనకా ముందూ ఖాళీ దొరికే దాకా ఆగి, అటు రెండు, ఇటు రెండు. నాలుగో రౌండుకి టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు చూస్తుంటే ఆపేసి, పెదకాకాని దగ్గర టీ తాగి, బానెట్ ఎత్తి అరగంట కూర్చున్నాం.

70-80కి 6.4 సెకన్లు. 80-90కి 8.1. 90-100కి 12.4.

నూరు దగ్గర ఆపేశాను. ఇంటికొచ్చి ఎక్సెల్ తియ్యకుండా, పాత గ్రాఫ్ కాగితం మీద గీశాను, చేత్తో గీస్తే తప్పు ఎక్కడుందో కంటికి తెలుస్తుందని నా నమ్మకం. త్వరణం 75 దగ్గర 0.43, 85 దగ్గర 0.34, 95 దగ్గర 0.22. ప్రతిసారీ తగ్గడం కూడా ఇంకాస్త ఎక్కువవుతోంది. అదే వంపుని కొనసాగిస్తే 105 దగ్గర 0.08కి వస్తుంది, 109, 110 మధ్య ఎక్కడో సున్నా తాకుతుంది. సున్నా అంటే ఇంజను తోసేదీ, గాలీ టైర్లూ లాగేదీ సరిసమానం అయిపోయిన చోటు. అదే టాప్ స్పీడ్. ఆ చుక్కని నేను బండిలో కూర్చుని చూడలేదు, చూడను కూడా.

ఈ 109 దగ్గర ఇంజను తిరిగేది దాదాపు 4,100 చుట్లు. గేర్ల లెక్కలో వచ్చిన 112కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఎవరో ఆలోచించే పెట్టారు ఆ 41 పళ్ళు: ఇంజను బలం శిఖరానికి చేరే చోటూ, గాలి ఇక చాలు అనే చోటూ దాదాపు ఒకటే.

ఇంజను కొత్తగా ఉన్నప్పుడు ఇంకో అయిదారు కలుపుకుంటే 115. బావ అభ్యంతరానికి కూడా ఇందులోనే జవాబుంది. అప్పట్లో మీటరు ఇంత తప్పు చూపించకపోయినా, అయిదు శాతం ఎక్కువ చూపిస్తే చాలు, 115కి ముల్లు 120 దాటుతుంది.

గుంటూరు ఇరవై నిమిషాల కథ మాత్రం నిలబడదు. దాదాపు 34 కి.మీ. ఇరవై నిమిషాల్లో అంటే సగటున 102, మధ్యలో ఎక్కడా ఆగకుండా. అప్పటికి కనకదుర్గ వారధి లేదు, 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ మీద రిక్షాలూ సైకిళ్ళ వెనకే దేకుతూ పోవాలి, ఆ తర్వాత మంగళగిరి. టాప్ 115 ఉన్న బండి సగటున 102 పోవడం ఈ రోజు ఆరు లేన్ల మీద కూడా కుదరదు. నాన్న కాసేపు మౌనంగా ఉండి "నేనేమన్నా వాచీ పట్టుకు కూర్చున్నానా" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి "పట్టుకునే కూర్చున్నారు, పెళ్ళివారు వెయిటింగ్ అని" అంది.

లారీ పని

మావయ్య 1210 గురించి ముందు ఆ అంకె సంగతి చెప్పుకోవాలి. ముందున్న 12 అంటే బండీ సరుకూ కలిపి 12 టన్నులు, తర్వాతి 10 అంటే ఇంజను నూరు పైచిలుకు హార్స్‌పవర్ తరగతి. 1954 నుంచి 1969 దాకా టాటా వాళ్ళు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు కట్టారు, ఈ అంకెల పద్ధతి ఆ సావాసం వల్ల వచ్చిందే. ఇంజను పేరు 697లో కూడా అర్థం ఉంది: ఆరు సిలిండర్లు, 97 మి.మీ. బోరు. స్ట్రోకు 128 కాబట్టి 5,675 సీసీ. ఇవన్నీ మావయ్యకి నోటికి వచ్చు, స్పీడు దగ్గరే తేడా వస్తుంది.

లారీకి జాకీ ఎత్తే పని పడలేదు. అదృష్టం కొద్దీ హౌసింగ్ ఆయిలు కారుతోందని మేస్త్రి విప్పి పెట్టాడు, చేతికి డీజిలు పూసుకుని పళ్ళు నేనే లెక్కపెట్టాను. పినియన్ 6, క్రౌన్ 41. మళ్ళీ నలభై ఒకటే! 6.83. 9.00-20 టైరు, నీళ్ళతో నింపి కొలిస్తే చుట్టుకి 3.06 మీటర్లు.

కట్టి చూస్తే ఇంజను 1,000 చుట్లకి 26.9 కి.మీ. నేను రెండుసార్లు చూసుకున్నాను. అంబాసిడర్‌కి 26.7, లారీకి 26.9. టైరు ఒకటిన్నర రెట్లు, పళ్ళ నిష్పత్తీ ఒకటిన్నర రెట్లు, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. టాప్ గేర్‌లో ఇంజను ఒక్క చుట్టు తిరిగితే ఆ కారూ ఈ లారీ పోయేది ఒకే దూరం. తేడా అంతా ఇంజను ఎన్ని చుట్లు తిరగ్గలదన్న దాంట్లోనే. పెట్రోలుది 4,200. డీజిలు 697ది 2,800, అక్కడ పంపులోని గవర్నర్ డీజిలు కోసేస్తుంది. అంటే 75. ఖాళీగా ఉన్నా 75, నిండుగా ఉన్నా చదును మీద 75.

గవర్నర్ మాట నమ్మనని మావయ్య. సరే అని ఫోన్లో శబ్దం ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ వేశాను. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను ఒక చుట్టుకి మూడుసార్లు పేలుతుంది. బండి నిలబెట్టి యాక్సిలేటర్ పూర్తిగా తొక్కితే 147 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత లేచింది. 147ని 60తో హెచ్చించి మూడుతో భాగిస్తే 2,940. బరువు లేనప్పుడు గవర్నర్ కొంచెం పైకి వదులుతుంది, బరువు పడితే 2,800కి దిగుతుంది, సరిపోయింది. తర్వాత ఖాళీ ట్యాంకర్‌తో రోడ్డు మీద జీపీఎస్ 50 ఉన్నప్పుడు చూస్తే 93 హెర్ట్జ్, లెక్కా అంతే. ఆ క్యాబిన్లో పేలుళ్ళ గీతని వెతుక్కోవడం కష్టం అవుతుందనుకున్నాను కానీ, తలుపు కిర్రుమనే శబ్దం వేరు, ఫ్యాను వేరు, ఇంజను గీత మాత్రం అందరికంటే పొడుగ్గా ఉంటుంది.

వంద పోవాలంటే ఇంజను 3,700 పైన తిరగాలి. "అంత తిరిగితే వాల్వులు పిస్టన్లకి తగిలి పుష్ రాడ్లు వంగిపోతాయి" అన్నాడు మేస్త్రి, రాడ్డు ఒకటి వేలితో వంచి చూపిస్తున్నట్టు పెట్టి. పంపు సీలు తెంపి ఎక్కువ పెట్టించుకునేవాళ్ళు ఉండేవాళ్ళు కదా అంటే, ఉండేవాళ్ళు, వాళ్ళ ఇంజన్లే మాకు అన్నం పెట్టాయి అన్నాడు. క్రౌన్ పినియన్ 6-37 వేస్తే 83 దాకా పోతుంది, ఎత్తుల మీద ఏడుస్తుంది.

అప్పుడు, లారీ మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన డ్రైవర్ బాబాయి, అప్పటి దాకా బీడీ కాలుస్తూ వింటున్నవాడు, మెల్లగా అన్నాడు: "వంద పోయింది బాబూ. డౌన్లో. న్యూట్రల్లో." అంతా ఒక్కసారి ఆగిపోయాం. అదే మరి. న్యూట్రల్ కొడితే ఇంజనుకీ చక్రానికీ సంబంధం తెగిపోతుంది, గవర్నర్ ఎవరికీ కాపలా కాదు, బండిని తోసేది వాలు. డీజిలు మిగుల్తుందని అందరూ చేసేవాళ్ళట. పన్నెండు టన్నుల్ని ఇంజను పట్టు లేకుండా డ్రమ్ము బ్రేకుల మీదే దింపితే, డ్రమ్ములు కాలి, పెడల్ నేలకంటుతుంది. "ఒక్కసారి అంటుకుంది, ఆ తర్వాత ఎప్పుడూ చెయ్యలేదు" అన్నాడు. మావయ్యకి ఈ సంగతి అప్పుడే తెలిసినట్టుంది, లారీ వైపూ డ్రైవర్ వైపూ మార్చి మార్చి చూశాడు.

నిన్న రాత్రి

లెక్కలన్నీ ఒక కాగితం మీద తేటగా రాసి నాన్నకి ఇచ్చాను. కారు: ఇప్పుడు 109, కొత్తలో 115 దాకా. లారీ: 75. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో లైనూ వేలితో చదివాడు. గ్రాఫ్ దగ్గర ఆగాడు.

"ఇందులో గాలి ఎటు వీస్తుందో రాయలేదే?"

రెండు వైపులా తీసి సగటు కట్టాం కదా నాన్నా, గాలి లేనట్టే లెక్క అన్నాను.

"ఆ రోజు వెనక గాలి ఉంది రా. బాగా గుర్తు."

నవ్వొచ్చింది కానీ ప్రశ్న మాత్రం సరైందే. వెనక నుంచి 10 కి.మీ. గాలి తోస్తుంటే 110 పోయే బండికి తగిలే గాలి 100దే. తగ్గే ఈడ్పు ఓ 97 న్యూటన్లు. గ్రాఫ్ మీద చూస్తే అది 4 కి.మీ. పైకి జరుపుతుంది. ఇప్పటి ఇంజనుతో 113, ఇప్పటి మీటర్లో 127.

కాగితం కింద ఆ లైను కూడా రాయించుకుని, మడిచి, ఆర్‌సీ పెట్టుకునే కవర్లో పెట్టాడు. పొద్దున లేచేసరికి మావయ్యతో ఫోన్లో ఉన్నాడు.

"నూట ఇరవై ఏడు అంట బావా. వాడే కట్టాడు."

మీటర్లో అన్న మాట చెప్పలేదు.